కాయ ఊపిరి, మండీ ధర

మార్కెట్ యార్డు ధరల పట్టికలో ప్రతి సరుకు ఎదుటా మూడు అంకెలు ఉంటాయి: కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ దేశంలోని మండీల నుంచి రోజూ తెప్పించే లెక్కలోనూ ఈ మూడే ఉంటాయి. మూడోదాన్ని చాలామంది సగటు అనుకుంటారు గానీ, ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అది మోడల్ ధర. వార్తల్లో వినిపించేది అదే. రైతు ఫోన్లో చూసుకుని బండి కట్టేదీ దాన్ని నమ్మే. అసలు సంగతి మాత్రం మొదటి రెండంకెల మధ్య ఎడంలో ఉంది. ఒకే యార్డు, ఒకే పొద్దు, ఒకే పంట. అయినా ఒక రైతు లాటుకు పలికిన ధర పక్క లాటుకు రెండింతలు ఉండటం అరుదు కాదు. ఇద్దరివీ పక్కపక్క పొలాలే కావచ్చు, విత్తనం ఒకే కంపెనీది కావచ్చు.

తేడా ఎందుకొచ్చిందని అడిగితే యార్డులో ఎవరైనా చెప్పేది ఒకటే మాట: క్వాలిటీ. ఆ మాట లోపల ఏముందో విప్పి చూడటం ఈ అధ్యాయం పని. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పచ్చి సరుకు మండీలో వ్యాపారి పాట పాడేది కాయ బరువు మీద కంటే, ఆ కాయకు ఇంకా మిగిలిన రోజుల మీద. సరుకు ఎన్నాళ్లు ఆగగలదో దాన్నే క్వాలిటీ అంటున్నాం. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఆగగలరో ధర వాళ్ల వైపు వాలుతుంది.

ఈ మాటను పరీక్షించడానికి నంద్యాల జిల్లా అనువైన చోటు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడిన ఈ జిల్లాలో తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ లోయ. లోయలో ఎక్కువగా నల్లరేగడి. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువ ఈ లోయ గుండానే సాగుతుంది. పొలాలకు నీళ్లతో పాటు పడవల రవాణా కూడా ఆశించి తవ్విన కాలువ అది. కంపెనీకి గిట్టుబాటు కాకపోవడంతో 1882లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. నల్లమల పాదాల దగ్గర మహానంది చుట్టూ అరటి తోటలు. పడమటి ఎర్రనేలల్లో డోన్, ప్యాపిలి వైపు టమాటా. బనగానపల్లె పేరు చెబితే దేశమంతటికీ గుర్తొచ్చేది మామిడి. 2017లో ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక ఉల్లికి పాత ఉమ్మడి జిల్లా మొత్తానికీ కర్నూలు యార్డే పెద్ద దిక్కు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. కర్నూలు నుంచి కడప, చిత్తూరు మీదుగా తమిళనాడులోకి పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఆ రెండింటినీ కలుపుతుంది. రెండు చోట్లా వ్యవసాయ మార్కెట్ కమిటీలున్నాయి. లారీకి ఆ దూరం గంట ప్రయాణం. మే నెల మధ్యాహ్నం టార్పాలిన్ కింద ఉన్న బెండకాయకు ఆ గంట ఎంతో తెలియాలంటే కాయ ఊపిరి గురించి తెలియాలి.

కోసిన కాయ బతికే ఉంటుంది. చెట్టున ఉన్నన్నాళ్లూ తొడిమ గుండా నీళ్లు, చక్కెర అందేవి. తొడిమ తెగాక ఆ రెండూ ఆగిపోతాయి, శ్వాస మాత్రం ఆగదు. లోపల దాచుకున్న చక్కెరలను, ఆమ్లాలను ఆక్సిజన్‌తో ఖర్చుపెట్టుకుంటూ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, వేడి బయటికి వదులుతుంది. ఎంత వేగంగా శ్వాసిస్తే అంత త్వరగా వాడుతుంది, మెత్తబడుతుంది, రుచి పోతుంది. కోతానంతర శాస్త్రజ్ఞులు పంటలను ఈ వేగాన్ని బట్టే తరగతులుగా విడదీస్తారు. 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచినప్పుడు ఉల్లి, బంగాళాదుంప కిలోకు గంటకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అరటి, మామిడి, టమాటాలది 10 నుంచి 20. పాలకూర, పచ్చిబఠాణీ 60 దాటిపోతాయి. ఉల్లిగడ్డ నాసిక్ నుంచి లారీ ఎక్కి ఎక్కడికైనా పోగలగడానికీ, పాలకూర కట్ట పొద్దుగూకేసరికి ఏదో ఒక ధరకు పోవలసి రావడానికీ మూలం ఈ అంకెల్లోనే ఉంది.

ఇవి 5 డిగ్రీల దగ్గరి అంకెలని గుర్తుంచుకోవాలి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ శ్వాస వేగం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. 5 నుంచి 35 డిగ్రీలకు మూడు మెట్లు. మెట్టుకు రెండు రెట్లనుకుంటే ఎనిమిది రెట్లు, మూడు రెట్లనుకుంటే ఇరవై ఏడు. కుందూ లోయలో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 దాటడం మామూలే. పైగా ఊపిరి పుట్టించే వేడి మళ్లీ ఊపిరిని పెంచుతుంది. ఒక చిన్న లెక్క వేసుకుందాం. లారీలో 10 టన్నుల అరటి పండబోతూ ఉందనుకోండి. కిలోకు గంటకు 100 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తోందనుకోండి. గంటకు మొత్తం ఒక కిలో. దాని వెంట విడుదలయ్యే వేడి దాదాపు 2,550 కిలోకేలరీలు, అంటే సుమారు 3 కిలోవాట్లు. ఎండలో నిలిపిన లారీ లోపల మూడు కరెంటు హీటర్లు వెలిగించి తలుపు మూసినట్టు. గాలి ఆడకుండా గట్టిగా కుక్కిన లోడులో మధ్య గెలలే ముందు చెడటానికి కారణం ఇదే.

నీటి నష్టం ఇంకో దెబ్బ. చాలా కూరగాయల్లో పదింట తొమ్మిది వంతులు నీరే. చుట్టూ గాలి ఎంత దాహంగా ఉంటే అంత నీరు లాగేస్తుంది. 40 డిగ్రీల వేడిలో, 30 శాతం తేమ ఉన్న గాలికి ఉండే లాగుడు శక్తి, 13 డిగ్రీల చల్లని గదిలో 90 శాతం తేమ ఉన్న గాలి కంటే ముప్పై రెట్లకు పైగా ఎక్కువ. ఆకుకూర బరువులో మూడు నుంచి ఐదు శాతం నీరు పోయినా చాలు, కట్ట తలవాల్చేస్తుంది. చాలా కూరగాయలు ఐదు నుంచి పది శాతం పోగొట్టుకునేసరికి కొనేవాళ్లకు కంటికి ఆనవు. కాటా దగ్గర తరుగు పేరుతో కోసే కిలోలకు వెనక ఈ భౌతికశాస్త్రం కొంత నిజంగానే ఉంది. అయితే రేపు ఆవిరి కాబోయే నీటి నష్టాన్ని ఇవాళే, అది కూడా మొత్తంగా రైతు ఖాతాలో రాయడం శాస్త్రం చెప్పినది కాదు. అది బేరంలో పైచేయి ఉన్నవాడి తీర్పు.

అరటి దగ్గర ఈ గడువు సంగతి అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే అక్కడ కాసేపు ఆగుదాం.

మహానంది ప్రాంతంలో అరటి రైతుకు మొదటి భయం గాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వేళ లేచే గాలివాన ఒక్క పూటలో తోటను పడగొడుతుంది. గెల బరువుతో వంగి ఉన్న చెట్టుకు లోతైన వేరు లేదు, గట్టి కాండమూ లేదు. కాండంగా కనిపించేది ఆకు తొడుగుల చుట్ట. పడిన చెట్టు మీది గెల ముదరకముందే తెగినట్టే. అది ఎంత మాగబెట్టినా సరిగ్గా తియ్యబడదు, ఎందుకంటే తీపిగా మారాల్సిన పిండిపదార్థం లోపలికి ఇంకా పూర్తిగా చేరలేదు. నిలబడిన తోటలో కోత మేస్త్రి కాయ పలకలు చూస్తాడు. లేతకాయకు కోణాలు ఉంటాయి. ముదిరే కొద్దీ గుండ్రబడుతుంది. దూరం పోవాల్సిన గెలను ముప్పాతిక వంతు ముదరగానే కోస్తారు, దగ్గర ఊరికైతే ఇంకొన్నాళ్లు ఉంచుతారు. అంటే చెట్టు మీద ఉండగానే కాయలో రోజుల బేరం మొదలైపోయింది.

కోసిన పచ్చి అరటి కొన్నాళ్లపాటు నెమ్మదిగా శ్వాసిస్తుంది. తరువాత ఒక్కసారిగా శ్వాస పలు రెట్లు ఎగుస్తుంది. ఆ ఉరవడిలోనే పిండి చక్కెర అవుతుంది, పచ్చదనం విరిగి పసుపు బయటపడుతుంది, కాయ మెత్తబడుతుంది, వాసన వస్తుంది. కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1920లలో ఆపిల్ పళ్లలో ఈ ఎగుపును కొలిచి చూపారు. టమాటా, మామిడి, బొప్పాయి, జామ, సీతాఫలం ఈ జాతివే. నిమ్మ, ద్రాక్ష, దానిమ్మ, వంకాయ అలా కావు. అవి కోసిన తర్వాత ఇంకా పండేది లేదు, వాడటమే.

ఆ ఎగుపుకు మీట నొక్కేది ఇథిలీన్ అనే వాయువు. రెండు కార్బన్ పరమాణువులు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు. ఇది తెలిసిన తీరు వినదగినది. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ అనే యువకుడు ప్రయోగశాలలోని బఠాణీ మొలకలు వంకరగా, లావుగా పెరగడం గమనించి, దీపాల గ్యాసులోని ఇథిలీన్ అందుకు కారణమని తేల్చాడు. అమెరికాలో నిమ్మ వ్యాపారులు కిరోసిన్ స్టవ్వులు పెట్టిన గదుల్లో కాయల్ని పసుపు రంగుకు తెచ్చేవారు. వేడి వల్లే రంగు వస్తోందని వాళ్ల నమ్మకం. 1912లో సీవర్స్, ట్రూ అనేవాళ్లు పని చేస్తున్నది స్టవ్వు పొగలోని వాయువులని చూపారు. 1924లో ఫ్రాంక్ డెన్నీ ఆ వాయువు ఇథిలీన్ అన్నాడు. పండు తనంత తానే ఈ వాయువును తయారు చేస్తుందని 1934లో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. మన ఊళ్లలో అరటి గెలల్ని గదిలో పేర్చి, తలుపు సందులు మూసి, పొగ పెట్టడం ఇవేవీ అచ్చు కాకముందు నుంచీ ఉన్నది. పొగలో ఇథిలీన్ ఉంటుంది. మామిడికాయల్ని వరిగడ్డిలో మాగేయడంలోనూ కిటుకు ఇదే: ముందు పండిన కాయ వదిలిన వాయువు గడ్డి మధ్య నిలిచి పక్క కాయల్ని పండిస్తుంది. వీటిని మూఢాచారం అనుకునేవాళ్లు ఒకసారి డెన్నీ పత్రం పక్కన పెట్టి చూడాలి.

కార్బైడ్ వేరు. కాల్షియం కార్బైడ్ రాయికి తేమ తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది. ఇథిలీన్‌ను పోలిన వాయువే గానీ అదే పని చేయాలంటే దానికి వందల రెట్లు ఎక్కువ మోతాదు కావాలి. పరిశ్రమల కోసం చేసే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధ మలినాలుంటాయి. పై తొక్క పసుపెక్కుతుంది, లోపలి పిండి పిండిగానే మిగులుతుంది. పళ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని మన దేశంలో చట్టం ఏనాటి నుంచో చెబుతోంది. 2011 ఆహార భద్రత నిబంధనల్లోనూ ఆ నిషేధం ఉంది. 2016లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 100 పీపీఎం దాకా ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడాన్ని అనుమతించింది. మాగబెట్టే గదిలో పద్ధతి ఇలా ఉంటుంది: 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం, 90 శాతానికి పైగా తేమ, 24 గంటల పాటు ఇథిలీన్, ఆ తర్వాత గాలి మార్చి కార్బన్ డయాక్సైడ్ బయటికి పంపడం. నాలుగైదు రోజుల్లో గెలలన్నీ ఒకే రంగుకు వస్తాయి. 13 డిగ్రీల కంటే చల్లబరిస్తే మాత్రం అరటికి చలిగాయం తగిలి తొక్క మసిబారుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు నల్లబడటం అందుకే.

డబ్బు సంగతికి వద్దాం. రైతు అమ్మేది పచ్చి గెల, టన్ను లెక్కన. పట్నంలో కొనేది పసుపు పండు, డజను లెక్కన. నడుమ ఉన్నది ఆ మీట. మీట ఎప్పుడు నొక్కాలో ఎంచుకోగలిగినవాడు నాలుగు రోజులు ఆగగలడు. గదిలో 13, 14 డిగ్రీల దగ్గర పచ్చి గెలను ఉంచి పండగకు సరిగ్గా పసుపెక్కించగలడు. రైతుకు ఆ గది లేదు. 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన అధ్యయనాల్లో వినియోగదారుడు ఇచ్చే ప్రతి రూపాయిలో అరటి రైతుకు 31 పైసలు, మామిడి రైతుకు 43 పైసలు, టమాటా రైతుకు 33, ఉల్లి రైతుకు 36 పైసలు అందుతున్నట్టు తేలింది. మిగిలిందంతా దోపిడీ అని నేను అనను. రవాణా ఉంది, పాడయ్యే సరుకు ఉంది, దుకాణం బాడుగ ఉంది. కానీ పాడయ్యే ప్రమాదం ఎవరి నెత్తిన ఉందో, దానికి ప్రతిఫలం ఎవరికి అందుతోందో పక్కపక్కన పెట్టి చూస్తే అవి రెండూ ఒకే మనిషికి చెందడం లేదు. పొరుగున అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి 2020 జనవరిలో అరటితో నిండిన శీతల కంటెయినర్ల రైలు ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు బయల్దేరింది. అదే నేల, అదే ఎండ. 13 డిగ్రీల గొలుసు తెగకుండా ఉంటే రాయలసీమ అరటి సముద్రం దాటగలదని ఆ రైలు నిరూపించింది.

టమాటాది ఇంకో తీరు. దాని ఇబ్బంది కోతకు ముందే మొదలవుతుంది. పగటి వేడి 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి సత్తువ కోల్పోయి పూత రాలిపోతుంది. పండు ఎరుపుకు కారణమైన లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగ్గా తయారు కాదు. అందుకే ఎండాకాలపు కాయ నారింజ రంగులో ఆగిపోతుంది. మే నెలలో నిలవని పూత జూన్, జులైలలో మండీకి రాని కాయ. ధర అప్పుడు ఎగుస్తుంది. ఎంత ఎగుస్తుందన్నది వచ్చిన కొరత కంటే చాలా ఎక్కువ. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో గ్రెగరీ కింగ్ పేరు మీద నిలిచిపోయిన లెక్క ఒకటుంది; 1699లో చార్లెస్ డావెనంట్ దాన్ని అచ్చువేశాడు. ధాన్యం దిగుబడి పదో వంతు తగ్గితే ధర 30 శాతం పెరుగుతుంది. సగం తగ్గితే 450 శాతం. తిండి మానుకోలేం కాబట్టి కొరత కంటే ధర ఎన్నో రెట్లు ఎక్కువగా కదులుతుంది. అది తిరగబడ్డా అంతే. టమాటా అగ్గువైందని మన ఇళ్లలో రోజుకు రెండుసార్లు పప్పు చేయరు. పైగా ధాన్యాన్ని గాదెలో పోసుకోవచ్చు. టమాటాను రేపటికి ఎత్తిపెట్టలేం. కాబట్టి యార్డుకు అదనంగా వచ్చిన చివరి కొన్ని పెట్టెలు మిగతా అన్ని పెట్టెల ధరనూ కిందికి లాగేస్తాయి.

2023లో ఇది కళ్లెదుటే జరిగింది. జులైలో చాలా నగరాల్లో టమాటా కిలో 150 రూపాయలు దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మండీల్లో కొని రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. సెప్టెంబరు మొదటికల్లా డోన్, ప్యాపిలి ప్రాంతంలో కిలో నాలుగైదు రూపాయలకు పడిపోయి, రైతులు పంటను రోడ్డు పక్కన పారబోశారు. రెండు నెలల తేడా. టమాటా నారు నాటిన రెండు రెండున్నర నెలలకు కోతకొస్తుంది. ధర ఎగుస్తున్నప్పుడు చూసి నాటిన వాళ్లందరి పంటా ఒకేసారి కోతకు వచ్చింది. ఇవాళ్టి ధర చూసి రేపటి పంట నిర్ణయిస్తే, ధర పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుందన్న ఈ సూత్రానికి 1934లో నికొలస్ కాల్డోర్ సాలెగూడు సిద్ధాంతం అని పేరు పెట్టాడు. గీత గీస్తే సాలెగూడులా చుట్టుకుంటుంది. రైతు అత్యాశకు పోయాడనే వ్యాఖ్య ప్రతిసారీ వినిపిస్తుంది. అది అన్యాయం. పక్క మండలంలో, పక్క రాష్ట్రంలో ఎంతమంది నాటారో అతనికి చెప్పే ఏర్పాటు లేదు. ఉన్న ఒకే సమాచారం ఇవాళ్టి ధర. దాన్నే వాడుకున్నాడు.

పారబోయడం కూడా ఆవేశం కాదు, లెక్క. కోత కూలీ, పెట్టెల బాడుగ, బండి బాడుగ, హమాలీ, కమీషన్ కలిపిన ఖర్చు కంటే పాట తక్కువైతే, ఇంకో రోజు నిలిపినా కాయ మెత్తబడటం తప్ప ధర పెరగదు. వెనక్కి తీసుకుపోతే మళ్లీ బాడుగ. గుజ్జు ఫ్యాక్టరీ పెడితే సమస్య తీరిపోతుందనే మాట ప్రతి ఏడాదీ వస్తుంది. ఫ్యాక్టరీలు రావాల్సిందే గానీ అందులో ఒక చిక్కుంది. మండీకి పండించే హైబ్రిడ్లు దూర ప్రయాణం తట్టుకునే గట్టి తోలు కోసం పెంచినవి. వాటి రసంలో కరిగిన ఘనపదార్థం సుమారు 4 శాతం. 28 శాతం గాఢత ఉన్న గుజ్జు ఒక కిలో కావాలంటే అలాంటి కాయలు ఏడు కిలోలు పడతాయి, మిగతా ఆరు కిలోల నీటిని మరిగించి ఆవిరి చేయాలి. 5 శాతం ఉన్న రకమైతే అయిదున్నర కిలోలు చాలు. ఫ్యాక్టరీకి కావలసిన కాయ, మండీకి కావలసిన కాయ వేరువేరు. సంక్షోభంలో మిగిలిపోయిన సరుకును నమ్ముకుని ఏ ఫ్యాక్టరీ నిలబడలేదు.

ఉల్లి ఊపిరి నెమ్మది. కాబట్టి ఉల్లి రైతుకు ఆగే వీలుండాలి కదా? నాసిక్ రైతుకు ఉంది, కర్నూలు రైతుకు లేదు. డిసెంబరు, జనవరిలో నాటి, మార్చి నుంచి మే దాకా ఎండల్లో తవ్వే రబీ గడ్డ మెడ బాగా ఎండుతుంది, పై పొరలు కాగితంలా బిగుస్తాయి, ఐదారు నెలలు నిద్రపోతుంది. దేశపు ఉల్లిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ రబీదే. కర్నూలు ఉల్లి ఎక్కువగా ఖరీఫ్‌ది. వర్షాల్లో పెరిగి, ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా వర్షాల్లోనే తవ్వేది. గడ్డలో నీరు ఎక్కువ, మెడ ఎండదు, ఆరబోయడానికి ఎండ ఉండదు, నల్లబూజు పట్టేస్తుంది. తవ్వగానే అమ్మాలి. సరిగ్గా ఆ నెలల్లోనే మహారాష్ట్రలో దాచిన రబీ గడ్డ కూడా బయటికి వస్తుంది. తాడేపల్లిగూడెంలోనో హైదరాబాదులోనో రెండూ ఎదురుపడతాయి. ఆ ఏడు దాచిన గడ్డ కుళ్లిపోతే కర్నూలు రైతుకు మంచి ధర. నిలవ బాగా ఉంటే నష్టం. తన పొలంలో అతనేం చేశాడన్నదానికి ఆ ధరతో పెద్దగా సంబంధం లేదు. 2025 సెప్టెంబరులో ధర అడుగంటినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా 1,200 రూపాయలకు కొనడానికి దిగింది, తర్వాత హెక్టారుకు 50 వేల రూపాయల సాయం ప్రకటించింది.

శీతల గిడ్డంగి కట్టించమనడం సులువు. ఉల్లి నిలవ ఉండేది సున్నాకు దగ్గరి చలిలో, లేదంటే 25 నుంచి 30 డిగ్రీల పొడి వేడిలో. మధ్య చల్లదనంలో మొలకెత్తుతుంది. మొలకను ఆపడానికి నాసిక్ దగ్గరి లాసల్‌గావ్‌లో భాభా అణు పరిశోధనా కేంద్రం 2002లో గామా కిరణాల కేంద్రం నెలకొల్పింది. గడ్డ నిద్రలో ఉండగానే కొద్ది మోతాదు కిరణాలు సోకిస్తే మొలకెత్తదు. కానీ కుళ్లు ఆగదు. తడి ఖరీఫ్ గడ్డకు పెద్ద శత్రువు మొలక కాదు, కుళ్లు. ఒక ప్రాంతానికి పని చేసిన పరిష్కారాన్ని ఇంకో ప్రాంతానికి లారీలో వేసి తేలేమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఎడం అన్నాను కదా, అందులో ఇంకో పొర ఉంది. కొనేవాడికి పెట్టెలో పై వరుస కనిపిస్తుంది, అడుగు వరుస కనిపించదు. అడుగున దెబ్బతిన్న కాయలున్నాయేమోనన్న అనుమానంతో అన్ని పెట్టెలకూ కొంత తగ్గించి పాడతాడు. దాంతో శ్రద్ధగా ఏరిన రైతుకు ఏరిన కూలీ కూడా రాదు; మరుసటి కోతకు అతనూ ఏరడం మానేస్తాడు. 1970లో జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఈ దిగజారుడును వివరించాడు, 2001లో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఒకడయ్యాడు. విరుగుడు ఖరీదైనదేమీ కాదు: పచ్చి, దోర, పండు వేరు చేసి, సైజు వేరు చేసి, ఏ పెట్టె ఎవరిదో గుర్తు వేసి, గుర్తుకు మాట పోకుండా చూసుకోవడం. ఒక్క రైతు చేస్తే ఫలితం కనిపించదు. ఒక ఊరి రైతులు ఒకే గుర్తు కింద చేస్తే కొనేవాడి అనుమానం తగ్గే కొద్దీ పాట పెరుగుతుంది.

సమాచారం మాటకొస్తే, కేరళ తీరంలో 1997 నుంచి 2001 దాకా సెల్‌ఫోన్లు వచ్చిన తీరును రాబర్ట్ జెన్సెన్ అధ్యయనం చేశాడు. జాలరులు పడవలో నుంచే ధర కనుక్కుని ఏ రేవుకు పోవాలో నిర్ణయించుకున్నారు. రేవుల మధ్య ధరల తేడాలు బాగా తగ్గాయి, చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది, జాలరుల లాభం ఎనిమిది శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర నాలుగు శాతం తగ్గింది. ఆళ్లగడ్డ రైతు చేతిలో ఇప్పుడు ఫోను ఉంది, కడప ధరా తెలుస్తుంది, కర్నూలు ధరా తెలుస్తుంది. అయినా అంత మేలు ఎందుకు కనబడదంటే, పడవ అతని సొంతం కాదు. బండి బాడుగది, పెట్టెలు మండీ యజమానివి, చాలాసార్లు విత్తనానికి, మందులకు అడ్వాన్సు ఇచ్చింది కూడా ఆ మండీ యజమానే. ఎక్కడ అమ్మాలో పంట నాటిన రోజే తేలిపోయి ఉంటుంది.

1999 జనవరి 26న విశాఖపట్నంలో మొదలైన రైతుబజార్లు ఈ ముడిని విప్పడానికి చేసిన గట్టి ప్రయత్నం. టోకు ధర కంటే 25 శాతం ఎక్కువగా, చిల్లర ధర కంటే 25 శాతం తక్కువగా ఉండేలా రోజూ ధర నిర్ణయించాలన్నది వాటి సూత్రం. ఆకుకూరలు, వంకాయ, బీర పండించే చిన్నరైతుకు, పట్నానికి ఇరవై కిలోమీటర్లలోపు ఉన్నవాడికి అవి నిజంగా మేలు చేశాయి. పదెకరాల టమాటా ఒకేసారి కోతకొచ్చినవాడికి రైతుబజారులో ఒక బల్ల సరిపోదు.

చివరిగా ఇటుకలతో, ఇసుకతో కట్టే ఒక చిన్న నిర్మాణం. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ 1980లలో దీన్ని రూపొందించింది. ఇటుకలతో రెండు వరుసల గోడ, మధ్య సందులో తడి ఇసుక, పైన గడ్డి మూత, నీడ, రోజుకు రెండుసార్లు నీళ్లు. కరెంటు అక్కర్లేదు. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పని చేస్తుంది: 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న నంద్యాల ఏప్రిల్ గాలి సిద్ధాంతరీత్యా 22 డిగ్రీల దాకా చల్లబడగలదు. ఆచరణలో పది పదిహేను డిగ్రీలు తగ్గుతుంది, లోపల తేమ 90 శాతం దాకా ఉంటుంది. వానాకాలంలో, గాలిలో తేమ నిండినప్పుడు, దీనివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. ఖరీఫ్ ఉల్లికి అసలే పనికిరాదు. టన్నుల అరటికి కూడా కాదు. కానీ కుందూ లోయలో ఎండలు ముదిరే నెలల్లో అరెకరం బెండ, కాకర, ఆకుకూర పెట్టిన కుటుంబానికి, ఒకటి రెండు రోజులకు వాడిపోయే బెండకాయ అందులో నాలుగైదు రోజులు నిలుస్తుంది. సోమవారం ఆళ్లగడ్డలో పాట నచ్చకపోతే సరుకు ఇంటికి తెచ్చి, బుధవారం నంద్యాల పోవచ్చు. అదీ నచ్చకపోతే గురువారం ఇంకో ఊరి సంతకు.